ఇరవయ్యో పన్ను

ఆ ఇంట్లో తెల్లారేది గడియారంతో కాదు, మెట్లతో. తల్లి మేడ మీద గదిలోంచి దిగుతూ ఒకటి, రెండు, మూడు అని గొణుక్కుంటుంది. పదకొండు అన్నాకే వంటింట్లో లైటు వెలుగుతుంది. ముప్ఫై ఏళ్ళ కిందట ఎనిమిదో నెల కడుపుతో ఆవిడ ఆ మెట్ల మీంచి జారిపడింది. నెల తిరక్కుండా కొడుకు పుట్టాడు. నాలుగేళ్ళకు గానీ మాట రాలేదు, చదువు అసలే ఎక్కలేదు. ఎవరడిగినా ఆవిడ ఒకటే చెప్పేది, తను చూసుకుని దిగాల్సిందని.

కొడుకుని అందరూ చిన్నోడు అనే పిలుస్తారు. ఆ చిన్నోడికి ఇప్పుడు బట్టతల మొదలైందనుకోండి, అది వేరే సంగతి. ఆదివారం పొద్దున వాడికో పని ఉంది. తల్లి దాచిన తన పాలపళ్ళ డబ్బా తెచ్చి, బల్ల మీద పోసి లెక్కపెట్టుకుంటాడు. ఇరవై రావాలి. ఆ వేళ మూడుసార్లు లెక్కపెట్టినా పంతొమ్మిదే వచ్చాయి.

"అక్కా, ఒకటి లేదు," అన్నాడు.

అక్క కాఫీ గ్లాసు కింద పెట్టింది. ఆ పన్ను ఎక్కడుందో ఆమెకి తెలుసు.

ఆమె పరిశోధకురాలు. గాలిలో, నీళ్ళలో, దుమ్ములో కలిసిన విషాలు కడుపులో బిడ్డని ఏం చేస్తాయో చూడటం ఆమె పని. పాలపన్ను తల్లి కడుపులోనే పొరలు పొరలుగా పెరగడం మొదలెడుతుంది, పుట్టిన రోజుకి అందులో ఒక గీత పడుతుంది. ఆ గీతకి అవతల చూస్తే, పుట్టకముందు ఏ నెలలో ఏ విషం చేరిందో తెలుస్తుంది. అందుకోసం నాలుగు వందలమంది తల్లుల చేత సంతకాలు పెట్టించుకుని పళ్ళు తెచ్చుకుంది. తీరా కొత్త యంత్రం వచ్చాక, వాటిని పాడుచేస్తానేమోనని భయపడి, చెయ్యి తిరగడానికి మనింటి పన్నే కదా అని డబ్బాలోంచి ఒకటి పట్టుకెళ్ళింది.

యంత్రం సీసం చూపించింది. ఐదో నెల నుంచే ఉంది, మామూలుకి ఎన్నో రెట్లు. నమ్మలేక మళ్ళీ చూసింది. ఆ తర్వాత వారం రోజులు కళ్ళు మూస్తే చాలు, వాకిట్లో నిండు కడుపుతో తల్లి, ఆవిడ దులుపుతున్న నీలం చొక్కా, అందులోంచి లేచే బూడిదరంగు దుమ్ము కనిపించేవి. తండ్రి పాతికేళ్ళు బ్యాటరీల కార్ఖానాలో సీసం కరిగించి పలకలు పోశాడు. ఆ దుమ్ముకి తుమ్ముతూ, నవ్వుతూ, తల్లి పక్కనే ఆరేళ్ళ తను.

తల్లి డబ్బా చూసింది, కూతురి మొహం చూసింది. నువ్వే తీశావా అని అడిగింది. తీశానంది కూతురు. యంత్రంలో పెట్టి చూడటానికి పట్టుకెళ్ళానని చెప్పింది.

"ఊళ్ళో తల్లులందరి చేతా సంతకాలు పెట్టించుకుంటావు కదే. నన్ను ఒక్క మాట అడగాలనిపించలేదా?"

తండ్రి ఎదురుగా పేపరు చదువుతున్నాడు. ఆయన లేచి వెళ్తే బాగుండుననుకుంది కూతురు. ఆయన పేజీ తిప్పాడంతే. అమ్మ మీద నింద తీస్తే అది నాన్న మీద పడుతుంది. తీయకపోతే అమ్మ బతికినన్నాళ్ళూ ఆ మెట్లు లెక్కపెడుతూనే ఉంటుంది.

చెప్పేసింది. అమ్మ పడింది ఎనిమిదో నెలలోననీ, సీసం ఐదో నెల నుంచే ఉందనీ, ఒక్క పన్ను చూసి అంతా దానివల్లేనని ఒట్టు వేయలేకపోయినా తన మనసుకి మాత్రం అనుమానం లేదనీ చెప్పింది. ఆ సీసం ఎక్కడిదో చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది.

పేపరు మెల్లగా కిందికి దిగింది.

"నా చొక్కాల నుంచా?" అన్నాడు తండ్రి.

చిన్నోడు పళ్ళు మళ్ళీ మొదటినుంచి లెక్కపెడుతున్నాడు.

"కార్ఖానాలో స్నానాల గది ఉండేది. స్నానం చేసి, బట్టలు మార్చుకుని వెళ్ళమనేవాళ్ళు. తొందరగా ఇంటికి రావాలని నేను ఆగేవాణ్ణి కాదు." ఆయన భార్య వైపు తిరిగాడు. "పైగా ఆసుపత్రిలో నిన్నే అన్నాను, కళ్ళు ఎక్కడ పెట్టుకు దిగావని."

"మీరు ఒక్కసారే అన్నారు," అంది తల్లి. "మిగతాదంతా నన్ను నేనే అనుకున్నాను."

చేత్తో నోరు మూసుకుని ఏడ్చింది. ఆవిడ అలా ఏడవగా కూతురు ఎన్నడూ చూడలేదు. తండ్రి భార్య భుజం మీద చెయ్యి వేయబోయి, ఆ చేతి వైపు చూసుకుని వెనక్కి తీసేసుకున్నాడు. ఆ రోజంతా ఎవరినీ ముట్టుకోలేదు.

మర్నాడు పొద్దున కూతురు పక్క మీదే చెవులు రిక్కించింది. ఇవాళ ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుందని ఆశపడింది. ఒకటి, రెండు, మూడు అని వినిపించింది. అది తల్లి గొంతు కాదు.

తలుపు తీసి చూస్తే, తండ్రి గోడ పట్టుకుని నాలుగో మెట్టు మీద ఆగిపోయి ఉన్నాడు. తల్లి వెనకనుంచి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన లాక్కోబోయాడు. ఆవిడ వదల్లేదు.

"పదకొండే ఉన్నాయి. ముప్ఫై ఏళ్ళు లెక్కపెట్టి చూశాను కదా," అంది. "ఇంక మీరు మొదలుపెట్టకండి. పదండి, దిగుదాం."

ఇద్దరూ చెయ్యి వదలకుండా దిగారు. ఆ పొద్దున ఎవరూ పదకొండు అనకుండానే వంటింట్లో లైటు వెలిగింది.