అరవై మందికి వెళ్లిన మాట

"ఒక్క స్పేస్ ఎక్కువైందని మా అమ్మాయికి సున్నా వేస్తారా?"

ప్రోగ్రామింగ్ లెక్చరర్ నా గదిలోకి వస్తూనే అడిగిన మాట ఇది. అమ్మాయంటే ఆమె స్టూడెంట్. స్టూడెంట్ల ప్రోగ్రాములు దిద్దే టూల్ తయారుచేసింది నేను.

"నేను వెయ్యలేదండీ, టూల్ వేసింది."

"దాన్ని రాసిందెవరు?"

"...నేనే."

"ఉత్తినే 'తప్పు' అంటే ఏం నేర్చుకుంటారు? ఎక్కడ తప్పో, ఎందుకు తప్పో చెప్పొద్దూ? పొద్దున్నుంచి ఒకటే ఏడుపు ఆ పిల్ల!"

మర్నాటి నుంచి రోజూ మధ్యాహ్నం ల్యాబ్‌లో పక్కపక్కన కూర్చుని టూల్ చెప్పే ప్రతి మాటనూ తిరగరాశాం. నేను "లూప్ తప్పు" అని రాస్తే ఆమె కొట్టేసి, "లూప్ ఒకసారి తక్కువ తిరిగింది, ఎందుకో చూడు" అని రాసేది. మూడు వారాల్లో టూల్ బాగుపడింది కానీ నేను పూర్తిగా చెడిపోయాను. ఆమె అడుగుల చప్పుడు వినిపిస్తే చాలు, కీబోర్డు మీద అక్షరాలు కనిపించేవి కావు.

ఇంతలో నాకు బదిలీ అయింది. సోమవారం నుంచి వేరే ఊళ్లో పని. ఈలోగా మనసులో మాట చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేను. ఎదురుగా చెప్పే ధైర్యం ఎటూ లేదు. అందుకే టూల్‌లో ఒక షరతు పెట్టాను. ప్రోగ్రామ్ పంపింది ఆమె లాగిన్ నంబరు నుంచైతే, "మీరంటే నాకు చాలా ఇష్టం" అని చూపించాలి.

శుక్రవారం క్లాసులో ఎప్పటిలాగే పిల్లలకు చూపించడానికి ముందు ఆమే ప్రోగ్రామ్ పంపింది. జవాబు చదివి, ఎర్రబడిన ముఖంతో వెనక కూర్చున్న నా వైపు చూసింది.

అంతలో ముందు వరుసలోంచి ఒక కేక. "మేడమ్, టూల్‌కి నేనంటే ఇష్టమట!"

"పోరా, నాకూ అదే చెప్పింది!"

అరవై స్క్రీన్ల మీదా అదే మాట. ల్యాబంతా ఒకటే గోల.

క్లాసు అవగానే ఆమె నా దగ్గరికొచ్చింది. ముఖంలో నవ్వు లేదు. "వెళ్లిపోతూ వేళాకోళమా? నేనే పిచ్చిదాన్ని, నాకే అనుకున్నాను."

"మీకేనండీ, ఒట్టు!" కంగారుగా కోడ్ తెరిచి చూపించాను.

ఆమె ఒక్క వరుస చదివి ఆగింది. "పోల్చాలంటే సమానం గుర్తు రెండుసార్లు పెట్టాలి కదా? మీరు ఒక్కటే పెట్టారు. ఇక ఎవరు పంపినా నేనే పంపానని టూల్ అనుకుంటుంది. మొదటి వారం పిల్లలు చేసే తప్పండీ ఇది!" అంటూ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

"అక్షరాలు కనిపించలేదండీ..."

"సరే, అరవై మందికి చెప్పారుగా. ఇప్పుడు నాకొక్కదానికే చెప్పండి."

చెప్పాను. రెండుసార్లు తడబడ్డాను, మూడోసారికి మాట సరిగ్గా వచ్చింది.

"నాకూ ఇష్టమే" అంది తల దించుకుని. "ఆదివారం ఇంటికి రండి. అమ్మతో మాత్రం మీరే మాట్లాడాలి, టూల్‌ని పంపారంటే ఊరుకోను!"