గణపతిరావు గారి మీటరు

నూకరత్నానికి చెవుడు వచ్చిందని ఇంట్లో అందరూ ఒప్పేసుకున్నారు గానీ, ఫ్యాను దగ్గరకొచ్చేసరికి ఆ చెవుడు ఎక్కడికి పోయేదో ఎవరికీ తెలిసేది కాదు.

ఆ రోజు పొద్దున్నా అంతే. ఆవిడ పెరట్లో కూచుని చింతపండు గింజలు తీస్తోంది. ముందు గదిలో కొడుకు ప్రేమ్‌కుమార్ పరవాడ కంపెనీలో రాత్రి డ్యూటీ చేసి వచ్చి, చొక్కా విప్పి, ఫ్యాను స్విచ్చి మెల్లగా నొక్కాడు. నొక్కిన చప్పుడు వాడికే సరిగ్గా వినబడలేదు.

"ఒరే బాబూ! పొద్దున్నే సల్లగానే ఉంది కదరా. ఫ్యానెందుకు?" అని పెరట్లోంచి కేక.

"రాత్రంతా బాయిలరు పక్కన నిలబడి వచ్చేనే అమ్మా!"

"కిటికీ తీసుకో. కిటికీకి బిల్లు రాదు."

వంటింట్లో కోడలు రేవతికి నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. ఈ ఇంట్లో స్విచ్చి వెయ్యాలంటే కోర్టులో సాక్ష్యం చెప్పినంత పని. పోనీ, ఇంత పీనాసితనం చేస్తే బిల్లు తగ్గిందా అంటే, అదీ లేదు. వీళ్ళు వాడకం తగ్గించిన కొద్దీ వాళ్ళు రేటు పెంచారు. రేటు ఆగిందనుకుంటే, ఎప్పుడో కాల్చిన కరెంటుకి ఇప్పుడు సర్దుబాటు ఛార్జీ అన్నారు. ముసలావిడ చీకట్లో కూచుని మిగిల్చిందంతా ఆ సర్దుబాటులోకే పోయింది.

మధ్య గదిలో ఏసీ ఉంది. ఉందంటే ఉంది, అంతే. నిరుడు రోహిణి కార్తెలో నూకరత్నం వడదెబ్బ తగిలి వంటింటి గుమ్మంలో పడిపోయింది. రేవతి పరుగెత్తి పట్టుకోకపోతే తల గడపకి కొట్టుకునేదే. ఇంకోసారి ఇలా జరిగితే మనిషి దక్కదని, మధ్యాహ్నాలు చల్లటి గదిలో ఉంచమని డాక్టరు గట్టిగా చెప్పాడు. రేవతి తన చీటీ పాడి మరీ ఏసీ కొనింది. అత్తగారు దాని మీద పాత నేత చీర కప్పింది. దుమ్ము పడకుండానట! కోడలు దాన్ని వేసిన ప్రతిసారీ ఆవిడ లేచి వీధరుగు మీదకెళ్ళి ఎండలో కూచునేది. ఆపితే గానీ లోపలికి వచ్చేది కాదు.

శివరాత్రి వెళ్ళిపోయింది. ఇక ఎండలు ముదరడమే ఆలస్యం. ఈసారి ఊరుకునేది లేదని రేవతి నిశ్చయించుకుంది. కాఫీ గ్లాసు తీసుకుని పెరట్లోకి వెళ్ళి అత్తగారి ఎదురుగా పీట వేసుకుని కూచుంది.

"అత్తయ్యా, ఒక మాట. కరెంటు రేటు మన చేతిలో లేదు. ఎండ మాత్రం రోజూ మన మేడ మీదే పడతంది. మేడ మీద సోలారు పెట్టించేద్దాం. సబ్సిడీ ఇస్తన్నారు, మిగతాది బ్యాంకు లోను. పగలు మన కరెంటు మనమే తయారు చేసుకుంటాం. మిగిలింది లైనుకిచ్చి బిల్లులో తగ్గించుకుంటాం. రేటు ఎంత పెంచుకున్నా మనకి బెంగ ఉండదు."

"దేవరాపల్లిలో మీ పిన్నాళ్ళు పెట్టించేరు కదా, అదేనేటి?"

"అదే. ఆళ్ళింట్లో ఫ్యాన్లు ఆపడమే మర్చిపోయేరు."

నూకరత్నం ముఖం వెలిగింది. "మరి పెట్టించండే! నన్నడగడం దేనికి? ఎండకేటి, మనకి లోటా!"

రేవతి ప్రాణం కుదుటపడింది. "ఒక్క చిన్న పనుందత్తయ్యా. మీటరు ఇంకా మావయ్య గారి పేరునే ఉంది కదా. పోయిన మనిషి పేరున అప్లికేషను తీసుకోరట. ఆ పేరు తీయించి..."

చింతపండులో చెయ్యి ఆగిపోయింది.

"ఒద్దు" అంది నూకరత్నం.

"ఏటొద్దు?"

"సోలారూ ఒద్దు, గీలారూ ఒద్దు. ఆ పేరు ఆ మీటరు మీదే ఉండాల." చింతపండు పళ్ళెం ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం అన్నం దగ్గర కూడా కోడలితో మాట్లాడలేదు. సాయంత్రం గాజువాకలో ఉన్న కూతురు రూపాదేవికి ఫోను చేసి, "మీ నాన్న పేరు కొట్టేత్తన్నారే ఈళ్ళు" అని ఏడ్చింది.

మర్నాడు మొదటి బస్సుకే రూపాదేవి దిగిపోయింది. చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడి మొదలెట్టింది.

"ఇయ్యాళ మీటరు, రేపు ఇంటిపన్ను, ఎల్లుండి ఇల్లు. అంతేనా రేవతీ? మా అమ్మ బతికుండగానే?"

"వదినా, ముందు లోపలికొచ్చి కూచోండి."

"కూచోడానికి రాలేదు. మా నాన్న పేరు తీసి నీ మొగుడి పేరు పెట్టాలంటే నా సంతకం కూడా కావాలి. నేను పెట్టను."

ప్రేమ్‌కుమార్‌కి నిద్రలేక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "అప్పా, నా పేరెవరు పెడతన్నారు? నీకెవరు చెప్పేరు?"

"అత్తయ్య పేరే వదినా" అంది రేవతి. "మొదట్నుంచీ అత్తయ్య పేరే అనుకున్నాం. ఆ సోలారు పెట్టేది ఆవిడ కోసం, ఏసీ కొన్నది ఆవిడ కోసం. నిరుడు పడిపోయినప్పుడు ఈ రెండు చేతుల్తో పట్టుకున్నాను. నాకీ ఇల్లు ఎందుకు వదినా? మనిషి ఉండాలి గానీ!"

రూపాదేవి తల్లి వైపు తిరిగింది. "అమ్మా, నీ పేరేనట కదే. మరి నీకేటి బాధ?"

నూకరత్నం గోడకి ఆనుకుని కూచుని, పైట కొంగు వేలికి చుట్టుకుంటూ ఉంది. "నాకిష్టం లేదు. అంతే."

"ఎందుకిష్టం లేదు? చెప్పాలి కదా! పోయిన మనిషి పేరు పట్టుకుని ఏం చేసుకుంటావమ్మా?" ప్రేమ్‌కుమార్ గట్టిగా అరిచేశాడు. "ఆయనొచ్చి బిల్లు కడతాడా?"

అన్నాక నాలుక కరుచుకున్నాడు. నూకరత్నం తలెత్తి కొడుకుని చూసి, మళ్ళీ తల దించుకుంది.

సరిగ్గా అప్పుడే గేటు చప్పుడైంది. మీటరు రీడింగు తీసే ఉదయ్‌కుమార్ చేతిమిషను చూసుకుంటూ కేకేశాడు. "గణపతిరావు గారూ! కరెంటు బిల్లూ!"

ఆ కేక వినీ వినగానే నూకరత్నం లేచింది. కొంగుతో ముఖం తుడుచుకుని, పైట సర్దుకుని, గేటు దాకా నడిచింది.

"ఎవరి బిల్లు బాబూ? సరిగ్గా ఇనబడలేదు."

"గణపతిరావు గారిది మామ్మగారూ!"

"ఆఁ?"

"గణపతిరావు గారిదండీ!" పాపం, వీధంతా వినబడేలా అరిచాడు ఆ కుర్రాడు.

"ఆఁ ఆఁ, వారిదే. ఇలాగియ్యి" అని రెండు చేతులా కాగితం అందుకుంది.

"చూసేవా? చెవులు పూర్తిగా పోయేయి. వైజాగు తీసుకెళ్ళి చూపించాలి" అని రూపాదేవి గొణిగింది.

అక్కడుండలేక ప్రేమ్‌కుమార్ విసురుగా లోపలి గదిలోకి పోయి ఫ్యాను వేశాడు.

"ఒరే, ఫ్యాను!" అంది నూకరత్నం గేటు దగ్గర్నుంచి, వెనక్కి తిరిగైనా చూడకుండా.

రేవతి గిరుక్కున అత్తగారి వైపు తిరిగింది. గేటుకీ లోపలి గదికీ మధ్య ఇల్లంతా ఉంది. టక్కుమన్న స్విచ్చి అక్కడికి వినబడింది. చెవి పక్కన అరిచిన పేరు వినబడలేదట!

నెలనెలా ఈ తంతు చూస్తూనే ఉంది. బిల్లెంతొచ్చిందోనన్న కంగారు అనుకుంది. ఎంత గుడ్డిదాన్ని అనుకుంది ఇప్పుడు. ఈ ఇంట్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచీ అత్తగారి నోట మావగారి పేరు తను వినలేదు. ఆయనుండగా "ఏమండీ" అనేది, పోయాక "ఈళ్ళ నాన్న" అంటోంది. ఆఖరికి వినాయక చవితికి పూజలో కూడా ఆ దేవుణ్ణి బొజ్జదేవుడనే అంటుంది. మొగుడి పేరు నోటికొస్తుందని!

నూకరత్నం గేటు వేసి వచ్చి అరుగు మీద కూచుంది. రేవతి వెళ్ళి ఆవిడ పక్కన కూచుంది.

"అత్తయ్యా, మీకు చెవులు బాగానే ఇనబడతన్నాయి కదా?"

నూకరత్నం బిల్లు కాగితం మడత పెట్టింది. "ఆయన పేరు నేను పలకకూడదు కదే" అంది. "పిల్లలు నాన్నంటారు. నువ్వు మావయ్యంటావు. ఊళ్ళోవాళ్ళయితే పోయినాయన అంటారు. పేరెట్టి పిలిసేవోళ్ళే లేరు. ఈ గుంటడొక్కడే నెలకోసారొచ్చి, గారు తగిలించి మరీ పిలుస్తాడు. లోపల మనిషున్నట్టే పిలుస్తాడే! వెంటనే కాగితం తీసుకుంటే ఎల్లిపోతాడు. అందుకని ఇనబడలేదని ఇంకోసారి పిలిపించుకుంటాను. నా పిచ్చిగానీ."

గుమ్మంలో రూపాదేవి నోటికి చెంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. ప్రేమ్‌కుమార్ బయటికొచ్చి తల్లి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "అమ్మా, అలాంటి మాటన్నాను. నా నోరు పడిపోను."

"ఊరుకోరా. డ్యూటీ చేసొచ్చిన మనిషివి" అని తల నిమిరింది.

రేవతి కళ్ళు తుడుచుకుంది. కానీ అనుకున్న మాట వదల్లేదు.

"మీకు ఇష్టం లేకపోతే పేరు మార్చనత్తయ్యా. ఒట్టు. కానీ ఒక్కటి చెప్తాను, తిట్టినా పరవాలేదు. మావయ్య కరెంటు ఎందుకు వేయించేరో మీరే నాకు చెప్పేరు. ఈ వదిన కడుపులో ఉండగా మీరు కిరసనాయిలు బుడ్డి ముందు చెమటలు కక్కుతూ వండుతుంటే చూడలేక, చెరుకు డబ్బులన్నీ పోసి, ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి, వీధిలో అందరికన్నా ముందు లైను లాగించేరని. మరి ఇప్పుడు? ఆయన పేరు కోసమని మీరు మళ్ళీ ఆ చీకట్లోనే, ఆ చెమట్లోనే కూచుంటన్నారు. ఆయన చూస్తే ఊరుకుంటారా? నాకు మావయ్య పేరూ కావాలి, మీరూ కావాలి. రెండూ కుదరదంటే నేను మిమ్మల్నే పట్టుకుంటాను. ఇంక మీ ఇష్టం."

నూకరత్నం ఆ రోజంతా ఆ అరుగు మీదే కూచుంది. రూపాదేవి పేరు మార్పు కాగితం మీద సంతకం పెట్టేసి, మరదలి చెయ్యి పట్టుకుని, "తప్పుగా అనుకున్నానే" అని చెప్పి బస్సెక్కింది.

మర్నాడు రేవతి లేచేసరికి అత్తగారు తలంటు పోసుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని హాల్లో సిద్ధంగా ఉంది.

"ఎక్కడికత్తయ్యా?"

"కరెంటాఫీసుకి. ఆయన లైను కోసం కాళ్ళరిగేలా తిరిగేరు. నేను ఒక్క రోజు తిరగలేనా? పద!"

ఆఫీసులో బల్ల వెనకాల ఉన్న అమ్మాయి కాగితాలు సర్దుకుంటూ అడిగింది. "ఇప్పుడు సర్వీసు ఎవరి పేరున ఉందండీ?"

అలవాటు కొద్దీ, వెంట వచ్చిన ప్రేమ్‌కుమార్ నోరు తెరిచాడు. తల్లి చెయ్యి అడ్డం పెట్టింది. కొంగు తల మీదకి లాక్కుంది. పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు. రేవతి ఆవిడ మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"చెప్పండమ్మా, కంప్యూటర్లో కొట్టాలి."

"గణపతిరావు" అంది నూకరత్నం.

"ఆఁ? వినబడలేదమ్మా, ఇంకోసారి."

నూకరత్నం ఆ అమ్మాయి ముఖంలోకి చూసింది. ఏం గుర్తొచ్చిందో, కళ్ళ నీళ్ళతోనే నవ్వొచ్చింది. ఈసారి గొంతు సవరించుకుని, ఆఫీసంతా తిరిగి చూసేలా చెప్పింది.

"గణపతిరావు గారు! నేను వారి భార్యని. నూకరత్నం."

బయటికొచ్చాక మెట్ల మీద ఆగి కోడలితో అంది. "ఇన్నాళ్ళూ ఆ గుంటడెప్పుడొస్తాడా అని గేటుకేసి సూసేను. నోరు నా దగ్గరే ఉంది కదే!"

మామిడిపళ్ళు వచ్చేనాటికి మేడ మీద ప్యానెళ్ళు బిగిశాయి. మళ్ళీ రోహిణి కార్తె వచ్చింది. చోడవరం రోడ్ల మీద మధ్యాహ్నం మనిషి తిరగడం లేదు. నూకరత్నం మధ్య గదిలో ఏసీ కింద పడుకుంది. దాని మీదుండే నేత చీర ఇప్పుడు ఆవిడ కాళ్ళ మీదుంది, చలేస్తోందట. పక్కనే రేవతి కూతురు చిన్నారి నానమ్మని ఆనుకుని నిద్రపోతోంది.

గేటు చప్పుడైంది. "నూకరత్నం గారూ! కరెంటు బిల్లూ!"

వంటింట్లో రేవతి చేస్తున్న పని ఆపేసింది. ఉదయ్‌కుమార్ మిషనులో కొత్త పేరు ఎక్కడం ఇదే మొదటిసారి. అత్తగారిని ఆ పేరు పెట్టి పిలిచిన మనిషి ఒక్క మావయ్యే. కోడలా అనీ, అమ్మా అనీ, మామ్మగారూ అనీ అందరూ పిలిచారు గానీ, పేరుతో ఆయన పోయాక ఎవరూ పిలవలేదు. తనే వెళ్ళి తీసుకుందామనుకుంది. ఈలోగా లోపలి నుంచి అడుగుల చప్పుడు వినబడింది. రేవతి గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

నూకరత్నం గేటు దాకా వచ్చింది. ఎప్పటిలాగే ఇంకోసారి అడుగుతుందని ఉదయ్‌కుమార్ ఊపిరి గట్టిగా పీల్చుకున్నాడు.

"అరవకు బాబూ, ఇనబడింది" అంది. కాగితం రెండు చేతులా అందుకుంది. "నూకరత్నం నేనే. ఇది గణపతిరావు గారిల్లు."