కదలకు, కొలత తప్పుతుంది

బుల్లెమ్మ దుకాణంలో కుట్టుమిషను కిటికీ పక్కనే ఉండేది. మధ్యాహ్నం పూట ఎండ దాని మీద పడి సూదిమొన దగ్గర చుక్కలా మెరిసేది. ఆ మెరుపును చూస్తూ ఆమె పని మరిచిపోయేది. ఇంకో ఊళ్లో, తాను కొనుక్కుని కూడా ఇంతవరకు చూడని ఇంట్లో, ఈ ఎండే ఇప్పుడు ఏ గోడ మీద పడుతోందో అనుకునేది.

మనిషి పొట్టి. అందుకే చిన్నప్పటి నుంచీ బుల్లెమ్మ. మెడలో ఎప్పుడూ పసుపు రంగు టేపు వేలాడుతుండేది. కొలతలు తీసేటప్పుడు ఎవరైనా మెలికలు తిరిగితే గట్టిగా కసరదు. చెవి దగ్గరికి వంగి, "కదలకు, కొలత తప్పుతుంది" అంటుంది. అంతే, పిల్లలైనా పెద్దలైనా బొమ్మల్లా నిలబడిపోతారు.

ఇల్లు కొనాలన్నది ఆమె పట్టు. ఉన్న ఊళ్లో వాళ్ల డబ్బుకు గుమ్మం కూడా రాదు. రైల్లో ఒక రాత్రి ప్రయాణం చేస్తే వచ్చే ఊళ్లో మూడు గదుల ఇల్లే వస్తుందని బ్రోకరు ఫోన్లో చెప్పాడు. అక్కడేదో ఫ్యాక్టరీ పడుతోందట, అద్దెకు జనం ఎగబడతారట. భర్త అక్క, అంటే ఆమెకు వదిన, విని పెదవి విరిచింది.

"దూరపు కొండలు నునుపే తల్లీ. కోడిపిల్లను కొన్నా అటూ ఇటూ తిప్పి చూసి కొంటాం."

అలా అన్న వదినే ఆఖరికి సగం డబ్బు తెచ్చిచ్చింది. "నా పిల్ల చదువుకని దాచిందే బుల్లీ. నీ ముఖం చూసి ఇస్తున్నా" అంది.

ఆ మాట ఇప్పుడు ముల్లులా గుచ్చుకుంటోంది. కొని తొమ్మిది నెలలైంది. రెండు కుటుంబాలు అద్దెకు దిగాయి, రెండూ నెల తిరగకుండా ఖాళీ చేశాయి. ఎందుకని అడిగితే ఇద్దరిదీ ఒకటే మాట.

"ముందు గదిలో కూర్చుంటే ఊరికే తలెత్తి పైకి చూడాలనిపిస్తుందండీ."

ఇల్లు చూసుకునే కాపలా తాత నెలకో ఫోటో పంపేవాడు. ముందు గది, లోపలి గుమ్మం, పక్కన తెల్లగోడ. మొదటి నెల ఆ గోడ మీద, పైకప్పుకు కాస్త కింద, ఒక అడ్డగీత కనిపించింది. మర్నెల దాని కింద ఇంకోటి. ఆ మర్నెల ఇంకోటి. చెమ్మ కాబోలు అనుకుంది బుల్లెమ్మ.

వదిన పిల్ల కాలేజీకి ఫీజు కట్టే రోజులు దగ్గర పడ్డాయి. ఇక లాభం లేదని మొగుడూ పెళ్లాలిద్దరూ రైలెక్కారు. ఆమె సంచి నిండా లేత నీలం కర్టెన్లు. తాత ఫోన్లో చెప్పిన కొలతలకు కుట్టినవి.

"తాత బయటి నుంచే కిటికీలు జానలతో కొలిచి చెప్పాడు. ఆయన జాన ఎంతో నీకు తెలుసా?" అన్నాడు భర్త. ఆయన బస్సు కండక్టరు, ప్రయాణంలో నోరు ఊరుకోదు.

"తెలీదు. నమ్మాను."

"ఇల్లూ అలాగే కొన్నావులే."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ ఇంటికి సంబంధించి వాళ్లు నవ్విన ఆఖరి నవ్వు అదే.

వాళ్లు చేరేసరికి పట్టపగలే, కానీ వాన. సన్నగా, విసుగూ విరామం లేకుండా కురుస్తోంది. తాత తాళం తీసి పక్కకు తప్పుకున్నాడు.

"లోపలికి రావేం తాతా?"

"నేను గడప దాటనమ్మా. ఫోటోలు కూడా ఇక్కణ్ణుంచే తీస్తా."

లోపల మబ్బు వెలుతురు. తడిసిన సున్నం వాసన. దాని వెనక ఇంకో వాసన... ఆమెకు బాగా తెలిసిన వాసన. తడిగుడ్డ మీద వేడి ఇస్త్రీపెట్టె పెట్టినప్పుడు వస్తుందే, అది. ఎవరూ లేని ఇంట్లో ఈ వాసనేమిటి?

గోడ దగ్గరికి వెళ్లింది. గీతలు చెమ్మవి కావు. సుద్దతో గీసినవి. గుడ్డ మీద కత్తిరించే ముందు తను గీసుకునే సుద్దే. పైన గీతకూ గీతకూ మధ్య జానెడు ఎడం ఉంది. కిందికి వచ్చేకొద్దీ బెత్తెడు. ఆఖర్న వేలెడు. ముందు ముతకగా కోసి, తర్వాత ఒంటికి సరిపోయేలా కొద్దికొద్దిగా తగ్గిస్తూ వచ్చినట్టు...

"ఎవరైనా పిల్లల ఎత్తు కొలుచుకున్నారేమో" అన్నాడు భర్త.

"పిల్లలు పెరుగుతారు గాని తరుగుతారా అండీ?"

"నువ్వోసారి నిలబడు చూద్దాం." ఆమెను గోడకు ఆనించి, నడినెత్తి మీద అరచెయ్యి పెట్టాడు. చెయ్యి సరిగ్గా ఆఖరి గీత మీదికి వచ్చింది. వెంట్రుకవాసి తేడా లేదు. నవ్వబోయి ఆగిపోయాడు. "సరే, పైకప్పు కారుతోందేమో తాతనడిగి వస్తా" అంటూ బయటికి వెళ్లాడు.

ఆమె అక్కడే ఉండిపోయింది.

వాన చప్పుడు దూరమైంది. ఇస్త్రీ వాసన దగ్గరైంది. మెడలో టేపు లేదు. ఎప్పుడు తీసింది? తీయలేదే...

తలెత్తి పైకి చూడాలనిపించింది.

చూడలేదు.

సర్ర్... టేపు జారుతున్న చప్పుడు. చల్లగా ఏదో ఆనింది. ఈ భుజం నుంచి ఆ భుజం దాకా. తర్వాత మెడ నుంచి నడుం దాకా. ఇప్పుడు చెయ్యి, అనుకుంది. ఆ వరస ఆమెకు కంఠతా వచ్చు. అనుకున్నట్టే భుజం నుంచి మణికట్టు దాకా చల్లగా పాకింది. అడుగు తీసి అడుగు వేయబోయింది.

చెవి దగ్గర ఎవరో వంగారు.

"కదలకు..."

తన గొంతే.

ఎలా బయటపడిందో ఆమెకే తెలియదు. వానలో వీధి మధ్య కూలబడి ఉంటే భర్త లేవనెత్తాడు. టేపూ కర్టెన్ల సంచీ లోపలే ఉండిపోయాయి. వాటి కోసం ఎవరూ వెళ్లలేదు. తాళం వేసి, ఎంతకైనా సరే అమ్మేయమని బ్రోకరుకు చెప్పి తిరుగు రైలెక్కారు.

రోజులు గడిచాయి. వదిన ఇచ్చిన సగం డబ్బయినా తిరిగిచ్చేయాలని బుల్లెమ్మ వచ్చినంత పని ఒప్పుకుని కుట్టసాగింది. ఒకటో తారీఖున కాపలా తాత ఫోన్ చేశాడు.

"అమ్మా, కొంటామని ఎవరో వచ్చారు. ఇంట్లో మనిషి ఉందని చూసి వెళ్లిపోయారు."

"మనిషేంటి తాతా? తాళం వేసే వచ్చాం కదా."

"మీరేనమ్మా ఉంది. కర్టెన్లు వేలాడదీసుకుని... కిటికీ దగ్గర. పలకరిస్తే పలకరు. బొత్తిగా కదలరు. మరి ఈ ఫోను..." అని పెట్టేశాడు.

వెంటనే ఫోటో వచ్చింది. కిటికీకి లేత నీలం కర్టెన్లు, అంచులు గీత గీసినట్టు సమంగా ఉన్నాయి. మధ్యలో ఒక ఆడమనిషి. మెడలో పసుపు టేపు.

ఫోన్ సంగతి తెలియని భర్త భుజం మీంచి తొంగి చూశాడు. "ఇదెప్పుడు దిగావే? బాగా పడ్డావు."

బుల్లెమ్మ దీపం వేద్దామని లేచి అడుగు వేసింది. కాలికి ఏదో తట్టుకుని తూలింది. వంగి చూసుకుంది.

ఒంటి మీది గౌను తను కుట్టుకున్నదే. నేలకు వేలెడు పైన ఉండేలా కొలిచి మడిచిందే. కాళ్లకు ఎప్పటి చెప్పులే.

ఇప్పుడు గౌను అంచు నేలను రాస్తోంది.