తలుపుకి అటువైపు

మా ఇంట్లో ఎవరూ తలుపు ఊరికే తియ్యరు. ముందు చేతి వెనకవైపు ఆనించి చూస్తారు. వేడి తగిలితే అవతల మంట ఉన్నట్టే, తియ్యకూడదు. తాత, నాన్న, తమ్ముడు, అందరూ ఫైర్ స్టేషన్ ఉద్యోగులే మరి. బాత్రూం తలుపుకైనా ఇదే మర్యాద. ఫ్రిజ్‌కి కూడా ఆనించి చూడరా అని తమ్ముణ్ణి ఏడిపించేదాన్ని.

పోయిన నెల నాన్నా తమ్ముడూ కలిసి మంటలంటుకున్న బట్టల గోడౌన్‌లోకి వెళ్ళారు. తమ్ముడొక్కడే బయటికొచ్చాడు. రేపట్నించి మళ్ళీ డ్యూటీకి వెళ్తానంటాడు. నాకు మిగిలింది నువ్వొక్కడివేరా అని మొత్తుకున్నా వినడు, మొండిఘటం. పైగా నాన్న బెల్టు పెట్టుకునే వెళ్తాడట.

సాయంత్రం వాన పట్టింది, కరెంటు పోయింది. తమ్ముడు హాల్లో కుర్చీలో కూర్చున్నాడు. బెల్టు తెద్దామని నాన్న గది దగ్గరికెళ్ళి, అలవాటుగా చెయ్యి ఆనించాను.

చురుక్కుమంది.

తలుపు కింద వెలుగు లేదు. పొగ లేదు. తడిబట్ట మాడిన వాసన మాత్రం గుప్పుమంది. లోపలినుంచి చెక్కమీద ఏదో మెల్లగా రాసుకున్న చప్పుడు. సరిగ్గా నా చెయ్యి ఉన్న ఎత్తులోనే...

"నాన్నా?" అన్నాను.

"తియ్యకమ్మా... మీవైపు కాలుతోంది."

తమ్ముణ్ణి ఎలా కేకేశానో నాకే తెలీదు. వాడు పరిగెత్తుకొచ్చి, నేను వద్దంటున్నా వినకుండా తలుపు తోసేశాడు. గదిలో ఏమీ లేదు. చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. తలుపు లోపలివైపు మసి మరక. నాలుగు మెటికల గుర్తు. చిటికెన వేలుది కాస్త వంకరగా ఉంది, నాన్న వేలిలాగే.

తమ్ముడు దాన్ని చాలాసేపు చూశాడు.

"నేను వెళ్ళన్లే అక్కా," అన్నాడు చివరికి.

ఇన్నాళ్ళకి నా ప్రాణం కుదుటపడింది. ఏడుస్తూనే వాడి చెయ్యి పట్టుకున్నాను.

చురుక్కుమంది... అచ్చం ఇందాకటి తలుపులాగే. వెనక్కి లాక్కున్నాను. నా వేళ్ళకి మసి.

"ఆ తలుపు వేసెయ్యక్కా," అన్నాడు వాడు, వణుకుతూ. "నాకు చలేస్తోంది."