డప్పులు ఆగే చోటు

పరుగు!

గుణశేఖర్ సందు మలుపు తిరిగాడు. వెనక మూడు జతల చెప్పుల చప్పుడు.

"ఇట్లే పోయినాడు! కుంకం పూసుకోనుండాడు సూడండి!"

అది గిరిప్రసాద్ గొంతు. జయచంద్రకి కుడిభుజం. జయచంద్ర నోరు తెరిచి అడగకముందే పని పూర్తి చేసే రకం.

కుంకుమ పూసుకున్నవాణ్ణి వెతకాలట! అంత ఆయాసంలోనూ గుణశేఖర్‌కి నవ్వొచ్చింది.

తిరుపతి గంగమ్మ జాతర. ఈరోజు బండ వేషం. పాత వీధుల్లో మగవాళ్లు సగంమంది ఒంటినిండా కుంకుమ పూసుకుని, వేపమండలు పట్టుకుని తిరుగుతున్నారు. ఎదురుపడ్డవాణ్ణల్లా నోటికొచ్చినట్టు తిడుతున్నారు. తిట్లు తిన్నవాడు నవ్వాలి. కోపం తెచ్చుకుంటే తప్పు వాడిదే. ఈ ఒక్కరోజు ఎవడు ఏమన్నా లెక్కలోకి రాదు.

ఎదురుగా ఎర్రటి గుంపు. దూరిపోయాడు!

గిరిప్రసాద్ వచ్చి ఆగాడు. ఒక్కొక్క మొహంలోకీ చూస్తున్నాడు. దగ్గరికొచ్చేస్తున్నాడు...

గుణశేఖర్ తనే ఎదురెళ్లాడు. గిరిప్రసాద్ మీసంతో మొదలుపెట్టి వాడి తాతదాకా పోయి తిట్టిపోశాడు. జనం గొల్లుమన్నారు. గిరిప్రసాద్ పళ్లికిలించాడు. దండం కూడా పెట్టాడు. పెట్టి, పక్క సందులోకి పరుగెత్తాడు!

గూడూరు రైలు దిగుతుంటే ఎవడో చూసి వీళ్లకి ఫోన్ కొట్టి ఉంటాడు. పోనీ. ఇంకెంతసేపు!

వేపమండల మధ్య వేళ్లు పెట్టి తడిమాడు. ఉంది. జానెడు కత్తి.

ఆరూ నలభై. వీధి దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి. చంద్రకాంతమ్మ వాకిటికి ఊరేగింపు చేరేది ఏడింటికి.

ఇరవై నిమిషాలు!

పది నెలలు జైల్లో ఉన్నాడు గుణశేఖర్. బెయిల్ మీద బయటపడి గూడూరులో ఉండబట్టి ఆరు వారాలు. తిరుపతిలో అడుగు పెట్టకూడదని షరతు. పెట్టాడు.

మాధవ్ కోసం.

మాధవ్, తను చిన్నప్పట్నుంచీ ఒకే బెంచీ, ఒకే సైకిలు. మాధవ్ అక్క స్రవంతి ఇద్దరినీ పక్కపక్కనే కూర్చోబెట్టి ముద్దలు కలిపి పెట్టేది. మాధవ్ ఎక్కడ పడినా, ఎవడితో దెబ్బలు తిన్నా మొదటి మాట ఒకటే. అక్కకు చెప్పొద్దు. మోకాలి చిప్ప పగిలి నెత్తురు కారుతున్నా అదే మాట. అక్క ఏడిస్తే చూడలేడు వాడు.

చిత్తూరు రోడ్డు పక్కన మామిడితోట మాధవ్ పేరున ఉంది. స్రవంతి మొగుడు జయచంద్ర కన్ను దాని మీద పడింది. మాధవ్ సంతకం పెట్టనన్నాడు. వారం తిరక్కుండా అదే తోటలో శవమై దొరికాడు. తల పగిలిపోయి ఉంది. పక్కన నెత్తుటి ఇనపకడ్డీ, షామియానా తాళ్లు కట్టడానికి నేలలో దిగగొట్టేది. దాని మీద పసుపు పెయింటుతో గుణశేఖర్ టెంట్ హౌస్ పేరు!

అందరికీ అంతే చాలింది.

ఎవరు ఎన్ని రకాలుగా అడిగినా, ఎంత బెదిరించినా గుణశేఖర్ నోట ఒకటే మాట. నేను కాదు. పది నెలలూ అదే.

అదంతా ఓర్చుకున్నాడు. ఓర్చుకోలేనిది ఒక్కటే. కోర్టు వరండాలో స్రవంతక్క ఎదురొచ్చి చెంప పగలగొట్టింది.

"నా చేత్తో అన్నం పెట్టినాను కదరా నీకు" అంది.

పక్కనే జయచంద్ర. ఆమె భుజం నిమురుతూ ఓదారుస్తున్నాడు!

ఆ చెంప ఇప్పటికీ మండుతోంది.

జయచంద్ర చావాలి. చచ్చేముందు నిజం వాడి నోటితోనే రావాలి. అది అక్క చెవిన పడాలి. ఒకటి జరిగి ఇంకొకటి జరక్కపోతే ఈ పగ పగే కాదు.

అందుకే చోటు తనే ఎంచాడు.

జాతర చూడాలని స్రవంతి పిల్లలు ఒకటే గోల. ఏడేళ్ల పాప, నాలుగేళ్ల బాబు. స్రవంతి ఏకాంబరానికి ఫోన్ చేసింది. ఏటా జాతరకి ఇళ్లవాళ్లతో మాట్లాడి, అరుగుల మీద కుర్చీలు వేయించి, కుటుంబాలని కూర్చోబెట్టడం ఏకాంబరం పని. వాడికి ఆ పని నేర్పింది గుణశేఖర్. ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు.

తోపులాట ఉండకూడదంది స్రవంతి. అత్త యశోదమ్మకి మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కువ ఉండకూడదు. బాత్రూం దగ్గర్లో ఉండాలి. బూతులు మొదలవగానే పిల్లల్ని లోపలికి లాక్కుపోవడానికి ఒక గది కావాలి. అన్నిటికంటే ముఖ్యం, చిన్నోడికి డప్పుల మోతంటే జడుపు.

ఏకాంబరం గూడూరుకి ఫోన్ చేశాడు.

"యాడ కూసోబెట్టేదన్నా?"

గుణశేఖర్ తడుముకోలేదు. చంద్రకాంతమ్మ అరుగు అన్నాడు.

ఎనిమిదే మెట్లు. వెనక గది, బాత్రూం. పైగా ముసలావిడ ముప్పై ఏళ్లుగా ఊరేగింపు వాళ్లకి వాకిట్లో మజ్జిగ పోస్తోంది. ఆ వాకిట అడుగు పెట్టగానే ముందున్న పెద్దాయన చెయ్యెత్తుతాడు. అన్ని డప్పులూ టక్కున ఆగిపోతాయి. మజ్జిగ తాగాక చెయ్యి దించుతాడు. మళ్లీ మోత. ఆ కాసేపు పిల్లాడికి హాయి.

ఏకాంబరం ఈ మాట చెబితే జయచంద్ర తెగ మెచ్చుకున్నాడట. ఫ్యామిలీకి ఇంతకంటే మంచి చోటు యాడుంటాదబ్బా అన్నాడట!

ఒక్కటే ప్రమాదం. జయచంద్ర లైసెన్స్ పిస్టల్. పట్టుపంచె కట్టిన రోజు అది నడుముకి ఆగదు. స్రవంతి హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టిస్తాడు. ఆ బ్యాగు వాడి చేతికి అందేలోపు పని అయిపోవాలి.

ఆరూ యాభై ఐదు.

వీధి నిండింది. మోచేతులతో తోసుకుంటూ వచ్చాడు గుణశేఖర్. అరుగు కనబడింది. ఆగిపోయాడు.

స్రవంతక్క! చిక్కిపోయింది. ఒళ్లో నల్ల బ్యాగు. పక్కన పిల్లలు బొమ్మబూరలు ఊదుతున్నారు. మెట్ల పైన తెల్లచొక్కా, పట్టుపంచె... జయచంద్ర! వీధి మొత్తానికీ చెయ్యూపుతున్నాడు. వచ్చే ఎన్నికల్లో కార్పొరేటర్‌గా నిలబడతాడట. అందుకే అంత నవ్వు.

వీధి మొదట్లో డప్పులు. దగ్గరవుతున్నాయి. గుండెలో కొడుతున్నట్టుంది.

గుణశేఖర్ మెట్ల కిందికి చేరాడు. తలెత్తాడు. మొదలుపెట్టాడు!

ఏం తిట్టాడు! పది నెలలుగా లోపల కూడబెట్టుకున్నవన్నీ బయటికొచ్చాయి. దొంగ అన్నాడు. బామ్మర్దిని మింగినోడా అన్నాడు. హంతకుడా అన్నాడు.

జనం విరగబడి నవ్వారు.

యశోదమ్మ మనవడి చెవులు మూసింది. మనవరాలి జబ్బ పట్టుకుంది. ఇద్దరినీ గదిలోకి లాక్కుపోయి తలుపేసింది.

జయచంద్రకి చుట్టూ ఫోన్లు కనబడ్డాయి. అందరూ వీడియో తీస్తున్నారు. చేతులు జోడించాడు. నవ్వుతూ ఎనిమిది మెట్లూ దిగాడు. తిట్టినవాణ్ణి గట్టిగా కావలించుకున్నాడు!

చప్పట్లు! ఈలలు!

తెల్లచొక్కా ఛాతీ అంతా ఎర్రగా అయ్యింది. డప్పులు మీదికొచ్చేశాయి. చెవిలో నోరు పెడితే తప్ప మాట వినబడదు.

"గుర్తుపట్టినాలేరా గుణా. కుంకం ఒంటికి పూసుకున్నావు, కళ్లకు పూసుకోలేదు గదా."

గుణశేఖర్ వెనక్కి గుంజుకున్నాడు.

వేపమండలున్న మణికట్టు మీద జయచంద్ర పట్టు. విడిపించుకోలేకపోతున్నాడు!

"కత్తి తెచ్చినావే. గిరి వస్తావుండాడు. అందాకా నవ్వుతా నిలబడు."

గుణశేఖర్ కత్తి సంగతి వదిలేశాడు. డప్పుల పెద్దాయన వైపు చూశాడు. ఇంకా ఇరవై అడుగులు.

"మాధవ్ నీకు లొంగలేదంట" అన్నాడు.

"ఏందీ?"

పదిహేను అడుగులు.

"లొంగలేదంట! నీ మొగాన ఊసి పోయినాడంట!"

జయచంద్ర నవ్వు చెదిరింది. లొంగలేదన్న మాట వాడికి ఎప్పుడూ పడదు. ఇంట్లో పడదు, వీధిలో పడదు. చచ్చినవాడి విషయంలో కూడా పడదు.

ఐదు అడుగులు.

ఫోన్లు తనవైపే ఉన్నాయని గుర్తొచ్చి మళ్లీ నవ్వు తగిలించుకున్నాడు. డప్పుల మోతని మించి గొంతు పెంచాడు.

"లొంగలేదా? నా కాళ్లు పట్టుకున్నాడురా!"

పెద్దాయన చెయ్యి లేచింది.

"తల పగిలినాక గూడా... అక్కకు చెప్పొద్దు బావా, అక్కకు చెప్పొద్దు అని ఏడ్చినాడురా వాడు!"

డప్పులు లేవు.

ఆ మాట ఒక్కటే వీధిలో ఈ చివర నుంచి ఆ చివరిదాకా వినబడింది.

తర్వాత జనం నవ్వారు! బాగా బదులు చెప్పినాడన్నా అని ఎవడో చప్పట్లు కొట్టాడు. బండ వేషం రోజు మాటలే కదా.

ఒక్కరు మాత్రం నవ్వలేదు.

బ్యాగు జిప్పు చప్పుడు.

స్రవంతి లేచింది. మెట్లు దిగుతోంది. ఒకటి... రెండు... మూడు... చేతిలో నల్లగా పిస్టల్!

జయచంద్ర తేరుకున్నాడు. గుణశేఖర్‌ని ముందుకు తోశాడు. వీడే గుణశేఖర్ అన్నాడు, నీ తమ్ముణ్ణి పొట్టన పెట్టుకున్నోడు, కత్తితో వచ్చినాడు అన్నాడు. పిస్టల్ తన చేతికిమ్మన్నాడు.

పిస్టల్ గొట్టం గుణశేఖర్ గుండెకి గురిపెట్టి ఉంది.

గుణశేఖర్ పారిపోలేదు. పిడికిలి వదిలాడు. వేపమండలు, వాటిలో కత్తి మెట్ల మీద పడ్డాయి. అక్క చేతిలో పోతే పోనీ అనుకున్నాడు. చెంప మాత్రం మండుతూనే ఉంది.

స్రవంతి కళ్లు గుణశేఖర్ మీదే ఉన్నాయి. అడిగింది మాత్రం మొగుణ్ణి.

"ఇంకేమన్నాడు?"

"ఎవురు?"

"నా తమ్ముడు. ఇంకేమన్నాడు?"

జయచంద్ర నోరు తెరిచాడు. నవ్వులాటకి అన్నానన్నాడు. బండ వేషం గదా అన్నాడు. వెనక్కి ఒక అడుగు వేశాడు.

పిస్టల్ మెల్లగా పక్కకి తిరిగింది.

చంద్రకాంతమ్మ ఆఖరి గ్లాసు అందించింది. పెద్దాయన మూతి తుడుచుకున్నాడు. చెయ్యి దించాడు.

డప్పులు!

ఆ మోతలో ఇంకో చప్పుడు కలిసిపోయింది. ఎవరో టపాసు కాల్చారనుకున్నారు జనం.

జయచంద్ర మెట్ల కిందే కూలబడ్డాడు. చొక్కా ముందే ఎర్రగా ఉంది. కొత్త ఎరుపు కొంచెం తడిగా ఉంది, అంతే తేడా. ఎవరికీ తెలియలేదు. ఇద్దరు ముగ్గురు ఇంకా వీడియో తీస్తూనే ఉన్నారు!

చంపాల్సింది తను. కత్తి అక్కడే పడి ఉంది, చుక్క నెత్తురు అంటకుండా.

స్రవంతి చెయ్యి ఇంకా చాచే ఉంది. గుణశేఖర్ ఆ చేతిలోంచి పిస్టల్ తీసుకున్నాడు. కుంకుమ అరచేత్తో దాన్ని ఆ కొస నుంచి ఈ కొసదాకా గట్టిగా తుడిచాడు. ఆమె చెవి దగ్గర వంగాడు.

"లోపలికి పో అక్కా. పిల్లకాయలకు చెప్పొద్దు."

స్రవంతి వాడి మొహంలోకి చూసింది. ఆనాడు కొట్టిన చెంప మీద అరచెయ్యి ఆనించింది. చేతికి కుంకుమ అంటింది. వెనక్కి తిరిగి మెట్లెక్కింది. గది తలుపు తెరుచుకుంది. మూసుకుంది.

గిరిప్రసాద్ గుంపుని చీల్చుకుంటూ వచ్చాడు. వెనక ఇద్దరు కానిస్టేబుళ్లు. జయచంద్ర ఛాతీ మీద చెయ్యి పెట్టి చూశాడు. అరచెయ్యి తడిసింది. మొహం పాలిపోయింది.

"ఎవుడు? ఎవుడు కాల్చినాడు?"

డప్పులు దూరమవుతున్నాయి.

ఆ మాట కోసం పది నెలలు అడిగారు. బెదిరించారు, బతిమాలారు. ఒక్కసారి కూడా గుణశేఖర్ నోట్లోంచి రాలేదు.

పిస్టల్ పైకెత్తి చూపించాడు. చెంప మంట ఆగిపోయింది.

"నేనే."