మెరక మట్టి తుంగ

తాడేపల్లిగూడెంలో నరసరాజుగారి ఇంటి ముందు యాభై సెంట్ల లాన్ ఉంది. దాన్ని చూసుకునేది నేనే. నా పేరు షంషుద్దీన్. ఎనిమిదేళ్ళుగా నా పని ఒకటే, తుంగ తీయడం.

తుంగ సంగతి తెలియనివాళ్ళు మందు కొడితే పోతుందనుకుంటారు. కొడితే ఆకు మాడుతుంది, రాజుగారు సంతోషిస్తారు, పదిహేను రోజులకి మళ్ళీ పచ్చగా లేస్తుంది. దాని ప్రాణమంతా కింద గడ్డలో ఉంటుంది. ఒక గడ్డ నుంచి దారంలాంటి వేరు ఇంకో గడ్డకి, అక్కణ్ణుంచి మరోదానికి. ఆ దారం తెగకుండా లాగాలి. తెగిందా, కింద మిగిలిన ప్రతి గడ్డా ఒక మొక్కవుతుంది. కడియం నర్సరీల నుంచి తెచ్చిన ఖరీదైన గడ్డిని పక్కకి నెట్టి దర్జాగా కూర్చుంటుంది.

ఈ తుంగ మెరక మట్టితో వచ్చింది. మా వైపు పల్లపు స్థలంలో ఇల్లు కట్టాలంటే, ఎత్తు చెయ్యడానికి ఎవరైనా చెరువుల మట్టే తోలిస్తారు. రాజుగారికి ఆకివీడు దగ్గర సొంత రొయ్యల చెరువుండేది. గిట్టుబాటు కాక దాన్ని తీసేసి, గట్లు పొక్లెయిన్‌తో తవ్వించి, ఆ మట్టంతా లారీల్లో ఇక్కడికి తోలించారు.

ఆ గట్టులో కిరణ్ కుమార్ ఉన్నాడు.

ఈ మాట నేను ఎవరికీ చెప్పలేదు. అతనూ నేనూ ఆ చెరువు మీద కాపలా ఉండేవాళ్ళం. ఒక తెల్లవారుజామున, నీళ్ళని చిలికి గాలి ఎక్కించే ఏరేటర్ ఆగిపోయింది. ఊపిరాడక రొయ్య పైకి తేలుతోంది. వైరు సరిచెయ్యడానికి కిరణ్ నీళ్ళలోకి దిగాడు. అతను గట్టెక్కేదాకా ఆగాలి. పంట పోతుందన్న కంగారులో నేను ఆగలేదు, స్విచ్ వేసేశాను. కరెంటు కొట్టి నీళ్ళలోనే పోయాడు. జైలు గుర్తొచ్చి, తెల్లారేలోపు అతన్ని గట్టులోనే పూడ్చేశాను. రాత్రే రైలెక్కి వెళ్ళిపోయాడనీ, ఎక్కించింది నేనేననీ అందరికీ చెప్పాను. ఏడాదికి పొక్లెయిన్ వచ్చినప్పుడు దాని బకెట్లో ఏం పడిందో ఎవరూ చూడలేదు. మట్టి వెనకాలే నేనూ వచ్చేశాను, లాన్ పని నాకిమ్మని అడిగి.

భీమడోలులో అతని భార్య దేవకుమారి నా మాట నమ్మింది. ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే ఫోన్ చేసి, ఏమైనా తెలిసిందా అన్నయ్యగారూ అని అడుగుతుంది. లేదమ్మా అంటాను. ఆయనొస్తే తాళం చూసి వెనక్కి పోతారని ఆమె పుట్టింటికి కూడా వెళ్ళదు. మొదట్లో ఆ ఫోనొచ్చిన రోజు నాకు అన్నం దిగేది కాదు. తర్వాత్తర్వాత దిగింది. నాలో ఏదో మొద్దుబారిపోయింది.

మొన్న బుధవారం రాజుగారి కుటుంబం బట్టలు కొనడానికి ఏలూరు వెళ్ళింది. వాళ్ళమ్మాయి హర్షిణి నిశ్చితార్థం లాన్‌లోనే, తుంగ ఒక్క పోచ కనపడకూడదన్నారు. ముందురోజు వాన పడి నేల మెత్తగా ఉంది. మధ్యాహ్నం మూడింటికే మబ్బు కమ్మి సందెవేళలా అయింది. కరెంటు పోయింది. నేను చిన్న గునపం పుచ్చుకుని ప్రహరీ పక్కన కూర్చున్నాను.

ఒక గడ్డ వచ్చింది. రెండోది. మూడోది. దారం తెగలేదు. జానెడు లోతులో ఆగాల్సిన వేరు మోచెయ్యి లోతు దాటినా కిందికి దిగుతూనే ఉంది. అప్పుడు వాసన తగిలింది. రొయ్యల మేత నీళ్ళలో నాని కుళ్ళిన వాసన. ఆ తర్వాత శబ్దం. నేల కింద ఏదో నీళ్ళని చిలుకుతోంది... ఆగింది... మళ్ళీ చిలుకుతోంది.

నేను దారం లాగాను.

అవతల నుంచి లాగారు.

గట్టిగా కాదు. తాడు అందిందో లేదో చూసుకున్నట్టు, ఒక్కసారి. నా వేళ్ళు వదల్లేదు. మళ్ళీ... ఈసారి రెండుసార్లు.

"కిరణ్..." అన్నాను, నాకే వినపడనంత మెల్లగా.

గోతిలోంచి, నోటినిండా మట్టి పెట్టుకుని మాట్లాడినట్టు...

"వచ్చేస్తున్నానన్నా... ఆగు."

వదిలేశాను. దారం గడ్డలతో సహా సర్రున లోపలికి పోయింది. గోతిలో నీళ్ళూరాయి. నాకు ఏడుపు రాలేదు, అరుపూ రాలేదు. పంపు దగ్గర చేతులు కడుక్కున్నాను. ఇంక ఆమెకి చెప్పెయ్యాలనిపించింది, అంతే. స్టేషన్‌కి నడిచి వెళ్ళి, సాయంత్రం పాసింజరెక్కి భీమడోలులో దిగాను. దారి పొడుగునా ఒకటే మాట నోట్లో తిప్పుకున్నాను. స్విచ్ వేసింది నేనేనమ్మా. ఆ ఒక్క మాట చాలు.

దేవకుమారి గుమ్మంలోనే ఉంది. కొత్త చీర కట్టుకుంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. లోపలికి పిలిచి కుర్చీ వేసింది. పొయ్యి మీద చేపల పులుసు ఉడుకుతోంది.

"ఆయనొచ్చారన్నయ్యగారూ," అంది గొంతు తగ్గించి. "ఇందాకే. ఒళ్ళంతా మట్టండీ. పెరట్లో స్నానం చేస్తున్నారు."

వెనక తలుపు దగ్గరగా వేసి ఉంది. అవతల నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు. చెంబు తర్వాత చెంబు... చెంబు తర్వాత చెంబు. లేవాలనుకున్నాను.

ఆమె నా ఎదురుగా నేల మీద కూర్చుంది. తొమ్మిదేళ్ళలో ఆ మొహంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు.

"ఇన్నేళ్ళూ ఎక్కడున్నారండీ అని అడిగాను. మిమ్మల్ని అడగమన్నారు," అంది. "చెప్పండన్నయ్యగారూ."

పెరట్లో నీళ్ళ చప్పుడు ఆగిపోయింది.