పదిహేడో రాయి

పిల్లల హాజరు వేయడంలో ముప్పై ఏళ్ల సర్వీసులో నేను ఒక్కసారి కూడా తప్పు పోలేదు. జమ్మలమడుగులో మా హెడ్మాస్టరు నా మీద ఎన్ని చాడీలు చెప్పినా, ఆనందయ్య సారు లెక్క తప్పాడని మాత్రం చెప్పలేకపోయేవాడు. నేను లెక్క తప్పు చెప్పింది జీవితంలో ఒకే ఒక్కసారి, అదీ తెలిసి తెలిసి. 1996 ఎండాకాలంలో, ఏటిగడ్డ స్టేషన్లో, మిట్టమధ్యాహ్నం పూట.

ఏటిగడ్డ అంటే ఏదో ఊరనుకునేరు. ఊరు లేదు. ఆవిరి ఇంజన్ల కాలంలో నీళ్లు పట్టుకోవడానికి కట్టిన స్టేషన్ అది. ఒక పక్క నిలువుకొండ. ఇంకో పక్క నలభై అడుగుల కింద ఏరు. ఒక చివర సొరంగం, ఇంకో చివర పొడుగాటి వంతెన. మధ్యలో జానెడు ప్లాట్‌ఫారం, ఎండిపోయిన ఇనప నీళ్లట్యాంకు. బయటికి పోయే గేటు లేదు, ఎందుకంటే బయట అనేదే లేదు. పొద్దున తొమ్మిదిన్నర ప్యాసింజరుకు దిగినవాడు సాయంత్రం నాలుగున్నర బండికే మళ్లీ ఎక్కాలి. అదీ ఒక్క నిమిషం ఆగుతుంది.

అలాంటి చోటు ఎవరికి పనికొస్తుందంటారా? ఫ్యాక్షన్ రాజీలకు. జీపులు రాలేవు. బాంబుల సంచులు దాచడానికి చెట్టూ పుట్టా లేవు. ముద్దనూరు స్టేషన్లో అందరినీ తడిమి చూసి ఎక్కిస్తే చాలు. ఆ ఏడాది ఎలక్షన్లు దగ్గరపడ్డాయి. ఎగువపల్లె వాళ్లకూ దిగువపల్లె వాళ్లకూ చెరో పార్టీ అండ. కొన్నాళ్లు ఎక్కడా రక్తం కనపడకూడదని పైనుంచి ఇద్దరికీ మాట వచ్చింది. సరే, రాజీ అన్నారు.

నాకేం పని అక్కడ? రాజీ కాగితం రాయడం ఒక పని. అసలు పని నా తమ్ముడు. దేవపాలు ఆరేళ్లుగా ఎగువపల్లె వాళ్ల జీపు తోలుతున్నాడు. దిగువపల్లె మీద బాంబులు పడిన రోజు వాటిని వేసినవాడు వేరే, కానీ బండి తోలింది వీడు. అందుకని దిగువపల్లె వాళ్లు చంపాల్సినవాళ్లలో వాడి పేరు కూడా చెప్పుకున్నారు. ఇప్పుడు కాగితంలో నాలుగో వరుసలో ఒక మాట రాయాలి: డ్రైవరు దేవపాలు జోలికి ఎవరూ పోకూడదు, అతను ఇకమీద ఎవరి జీపూ తోలకూడదు. ఆ ఒక్క వరుస కోసం మా అమ్మ రూతమ్మ మూడు శుక్రవారాలు ఉపవాసం ఉండి ప్రార్థన చేసింది.

మమ్మల్ని తీసుకుపోయింది పీర్ సాహెబ్. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైన ముసలాయన. రెండు పక్కలా ఆయన మాటంటే గౌరవం. ఏటిగడ్డ రాజీలకు కట్టుబాటు పెట్టింది ఆయనే. దిగిన ప్రతి మనిషీ పట్టాల మధ్య నుంచి ఒక కంకరరాయి తీసి ప్లాట్‌ఫారం ఏటివైపు అంచున పెట్టాలి. ఎక్కేటప్పుడు అలా పెట్టినవాటిలోంచే ఒక రాయి తీసుకుని ఎక్కాలి. రాయి లేనివాడు ఎక్కకూడదు. రాళ్లు ఎక్కువైనా తక్కువైనా రాజీ చెల్లదు. ఎవరో మనిషిని దాచి తెచ్చారని అర్థం.

ఎగువ నుంచి దేవపాలుతో కలిపి ఏడుగురు, దిగువ నుంచి ఏడుగురు, పీర్ సాహెబ్, నేను. పదహారు మందిమి.

దిగాం. రాళ్లు పెట్టాం. బండి వంతెన దాటి పోయింది. ఆ చప్పుడు ఆగాక చెవులు గడియపెట్టినట్టయింది. ఎండ, ఇనుము కాలిన వాసన, కింద ఎక్కడో ఏటి నీళ్ల మెరుపు. చూడటానికే గానీ అందే నీళ్లు కావవి. ఎగువవాళ్లు సొరంగం వైపు కూర్చున్నారు, దిగువవాళ్లు వంతెన వైపు. ట్యాంకు నీడలో ఒకడు తలమీద తువ్వాలు కప్పుకుని, ఒక కాలు చాపుకుని, ఒంటరిగా కూర్చున్నాడు.

"నీళ్లు," అన్నాడు మెల్లగా.

నా చెంబు ఇచ్చాను. ఎత్తి గటగటా ఖాళీ చేశాడు. దేవపాలు కూడా తన సీసా పట్టుకొచ్చి వాడి దోసిట్లో పోశాడు.

"వాళ్లోడు కదరా," అన్నాను చెవిలో.

"ఎవురోడైతే ఏందిన్నా? పాపం, కాలు బాగలేదు." వాడంతే. వాడి చేత ఆ జీపు ఎవరు తోలించారో వాళ్లను అనాలి.

పన్నెండింటికి మాటలు కుదిరాయి. కాగితం మీద వేలిముద్రలు వేసే ముందు రాళ్లు లెక్కబెట్టి అందరి ఎదుటా చెప్పాలి. ఆ పని మాస్టారిదే అన్నారు. వెళ్లి వంగాను.

పదిహేడు.

మళ్లీ లెక్కబెట్టాను. పదిహేడు. లేచి మనుషులను లెక్కబెట్టాను, బడిలో బెంచీల వారీగా చేసినట్టు. అటు ఏడుగురు. ఇటు ఏడుగురు. మేమిద్దరం. మరి ట్యాంకు కింద...

పీర్ సాహెబ్ నా పక్కకు వచ్చాడు. ఆయన కళ్లు రాళ్ల మీదే ఉన్నాయి.

"ఆ తువ్వాలు మనిషి ఎవురోడు మామా?" అన్నాను.

"ఎగువోళ్లను అడిగితే దిగువోడంటారు. దిగువోళ్లను అడిగితే ఎగువోడంటారు." గొంతు ఇంకా తగ్గించాడు. "పదమూడేండ్ల కిందట ఈడనే ఒక రాజీ జరిగింది సార్. సాక్షి చెప్పేదానికి కాలు విరిగినోన్ని ఒకన్ని మోసుకోనొచ్చి దించినారు. సాయంత్రం బండికి ఈళ్లేమో ఆళ్లు ఎక్కించినారనుకున్న్యారు, ఆళ్లేమో ఈళ్లు ఎక్కించినారనుకున్న్యారు. మరుసటి దినమే గొడవల్లో పట్టాలు పీకేసినారు. తొమ్మిది దినాలు బండ్లు తిరగలా."

"తర్వాత?"

"తొమ్మిదో దినం నేనే వచ్చినా. తువ్వాలు దొరికింది. మనిషి దొరకలా. అప్పుటినుంచే ఈ రాళ్లు పెట్టిచ్చాండా."

ట్యాంకు వైపు చూశాను. ఇప్పుడే నీళ్లిచ్చాను, ముఖం దగ్గరగా చూశాను. అయినా ఆ ముఖం ఎలా ఉందో గుర్తు తెచ్చుకుందామంటే రాలేదు...

"చెప్పేద్దాం మామా."

"చెప్తే ఈళ్లోడని ఆళ్లూ, ఆళ్లోడని ఈళ్లూ లేచ్చారు. చేతి కింద కంకర యంత కావాల్నో అంత ఉంది. మొదట పొయ్యేది నీ తమ్ముడే."

అటు నుంచి ఎవరో అరిచారు: "ఏం సార్, ఎన్ని?"

పద్నాలుగు ముఖాలు నావైపు తిరిగాయి. వాటిలో దేవపాలు ముఖం. ఇంటికి పోతాననే ఆశ ఆ ముఖంలో స్పష్టంగా కనపడుతోంది. నేను వాళ్లకు వీపు పెట్టి వంగి, ఒక రాయిని పాదంతో అంచు మీంచి నెట్టాను. కాస్త ఆగి కింద నీళ్లలో చప్పుడైంది.

"పదహారు," అన్నాను. "సరిపోయింది."

వేలిముద్రలు పడ్డాయి. నాలుగో వరుస మీద నా వేలు రెండుసార్లు పోనిచ్చి చూసుకున్నాను. ఒక దిగువ మనిషి దేవపాలు భుజం తట్టి బీడీ కూడా ఇచ్చాడు. ఇంకేం కావాలి? నాలుగున్నర దాకా ట్యాంకు వైపు చూడకుండా కూర్చున్నాను. కానీ అటు నుంచి మాట వినపడుతూనే ఉంది. నీళ్లు... నీళ్లు... ఇంకెవరూ విన్నట్టు లేదు.

బండి వచ్చింది. ఒక్క నిమిషం. తువ్వాలు కప్పుకున్న మనిషి కుంటుకుంటూ అందరికంటే ముందు అంచు దగ్గరికి వచ్చి, వంగి, ఒక రాయి తీసుకోవడం చూశాను. తర్వాత అందరూ తోసుకున్నారు. నేనూ ఒక రాయి తీసుకుని పీర్ సాహెబ్‌ను పైకెక్కించి, వెనకే ఎక్కాను. దేవపాలు ముసలివాళ్ల చేతులు పట్టి ఎక్కిస్తూ చివరిదాకా కిందే ఉన్నాడు.

తిరిగి చూస్తే వాడు అంచున వంగి వెతుకుతున్నాడు.

"అన్నా... నా రాయి లేదున్నా."

"రాయీ వద్దు ఏమీ వద్దు. ఎక్కరా!"

వాడు తల ఎత్తి చూశాడు. ఎగువవాళ్లు ఎక్కిన పెట్టె, దిగువవాళ్లు ఎక్కిన పెట్టె, రెండింటి తలుపుల్లోనూ మనుషులు నిలబడి చూస్తున్నారు. రాయి లేకుండా ఎక్కితే రాజీ చెల్లదు. తన పేరున్న ఆ వరుసా చెల్లదు. వాడికి నా మీద నమ్మకం. పదహారని అన్న చెప్పాడంటే రాయి అక్కడే ఎక్కడో ఉండాలి. మళ్లీ వంగాడు...

బండి కదిలింది.

చెయ్యి గొలుసు మీదికి పోయింది. పీర్ సాహెబ్ నా మణికట్టు పట్టుకున్నాడు. "లాగితే లెక్క తప్పని తెలుచ్చాది సార్. ఈ పెట్టెల్లోనే సచ్చారు. ఒక్క రాత్రే గదా. పొద్దున్నే వచ్చి పిల్చకపోదాం."

ఆయన పట్టు గట్టిది కాదు. విడిపించుకోగలిగేవాణ్ణి. విడిపించుకోలేదు. ఈ మాట ఎవరికీ చెప్పలేదు ఇన్నాళ్లూ.

దేవపాలు పరిగెత్తాడు. ప్లాట్‌ఫారం అయిపోయింది. సొరంగం చీకటి కమ్మింది. నా చేతిలో రాయిని కిటికీలోంచి విసిరేశాను.

ముద్దనూరులో దిగాక ఎగువవాళ్లను అడిగితే, "మీ తమ్ముడు ఉరికి ఆళ్ల పెట్టెలో ఎక్కినాడు సార్, బీడీ ఇచ్చిన్యారు గదా," అన్నారు. దిగువవాళ్లు, "మీ పెట్టెలోనే ఉన్న్యాడే," అన్నారు. అందరూ నవ్వుతూ బస్సులెక్కారు.

దీపాలు పెట్టే వేళకు ఇంటికి చేరాను. గడపలో అమ్మ నిలబడి ఉంది. ముఖం వెలిగిపోతోంది.

"దేవపాలు నీకంటే ముందే వచ్చినాడు నాయనా. కుండెడు నీళ్లు తాగినాడు. కాలికి ఏమైందో, కుంటుతాండాడు. పండుకోనిలే, లేపాకు."

లోపల మంచం మీద గోడవైపు తిరిగి ఎవరో పడుకుని ఉన్నారు. దేవపాలు చొక్కా. దేవపాలు జుట్టు. కిటికీ మీద ఒక కంకరరాయి.

మరుసటి పొద్దున్నే ఏటిగడ్డకు పోయాను. దేవపాలు చెప్పులు అంచున ఉన్నాయి. అంతే. సొరంగం నడిచాను, వంతెన నడిచాను, గొంతు పోయేదాకా పిలిచాను. కంప్లైంటు ఇద్దామంటే ఏమని ఇవ్వాలి? తప్పిపోయిన మనిషి ఇంట్లో అన్నం తింటుంటే ఏ స్టేషన్లో రాసుకుంటారు? ఇరుగుపొరుగువాళ్లు వాడిని దేవపాలనే పిలిచారు. రాజీ నిలిచింది. రెండు ఊళ్లలో ఆ తర్వాత ఒక్క తల తెగలేదు. నన్ను పిలిచి శాలువా కప్పారు.

ఆ ఇంట్లోనే ఉండిపోయాను. వదిలి పోదామంటే అమ్మ ఉంది. నేను పెళ్లి చేసుకోలేదు. ఆ ఇంట్లో లెక్క పెంచాలంటే భయం.

అమ్మ పోయే ముందు నా చెయ్యి పట్టుకుంది. "వాడు నా బిడ్డ కాదని మొదటి దినమే తెలుసు నాయనా. దాహమని అడిగినాడు. తల్లిని, ఎట్ల లేదందును? నా బిడ్డకు గూడా యాడో ఒక తల్లి నీళ్లు పోచ్చాదిలే అనుకున్న్యా."

అమ్మ పోయి పదేళ్లు. ఇప్పుడు ఇంట్లో ఉండేది వాడూ నేనూ. వాడికి ముసలితనం రాలేదు. కుండెడు నీళ్లు తాగుతాడు, గోడవైపు తిరిగి పడుకుంటాడు, నాతో ఒక్క మాటా మాట్లాడడు. ఏటిగడ్డలో ఇప్పుడు బండి ఆగడం లేదు.

నిన్న సాయంత్రం తలుపు తీస్తే గడప మీద ఒక కంకరరాయి ఉంది. వాన లేదు, ఏమీ లేదు, రాయి తడిగా ఉంది. పాచి వాసన. కిందనున్న ఏటి వాసన అది. పాదంతో నెట్టిన రాయిని నేను గుర్తుపట్టలేనా?

దాన్ని చూస్తూ నిలబడ్డాను. వెనక కుంటి అడుగులు వినపడ్డాయి. వాడు తన రాయిని కిటికీ మీంచి తీసి గుప్పిట్లో పట్టుకున్నాడు. గడప మీది రాయిని చూశాడు, వీధివైపు చూశాడు, ఎవరో వస్తుంటే చూసినట్టు. తర్వాత, సొరంగంలో రాయి విసిరేసిన నా ఖాళీ చేతులు చూశాడు. ఇన్నేళ్లలో మొదటిసారి నాతో నోరు తెరిచాడు. దేవపాలు గొంతే.

"అన్నా... నీ రాయి యాడుందిన్నా?"